చివరి ఊరికి మొదటి నీళ్లు

ఎండలు ముదిరే వేళ తెనాలి నుంచి పొదిలి వైపు బయల్దేరానంటే మా వీధిలో అందరూ నన్ను చూసి జాలిపడ్డారు. "అక్కడేముందండీ, రాళ్లూ ఎండా తప్ప" అంది మా పక్కింటావిడ. ఆవిడ ఏనాడూ అటు వెళ్లలేదు. వెళ్లనివాళ్లకే అన్నీ తెలుస్తాయి కదా. ఆవిడ చదువుతుందనే ఇది రాస్తున్నాను.

ముప్పై ఏళ్లు ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరయ్యాను. సుగుణమ్మకి, అంటే నాకు, నోరు పెద్దదని పేరు. అబద్ధం కాదు. నా చెల్లెలు విమలకి ఆ నోరు రాలేదు. చిన్నప్పుడు కొట్టుకి పంపిస్తే జనం ఉన్నారని మొహమాటపడి ఉత్త చేతులతో తిరిగొచ్చేది. పెళ్లయి మెట్ట పల్లెకి పోయింది, మిరప కోతలకి కూలికెళ్లింది, ఆదివారాలు చర్చిలో పిల్లలకి పాటలు నేర్పింది. అలాంటిది రిజర్వేషన్ కలిసొచ్చి ఎంపీటీసీగా నిలబడి గెలిచి, మండల పరిషత్ అధ్యక్షురాలై కూర్చుంది. కబురు తెలిసినప్పుడు సంతోషించాను. నమ్మకం మాత్రం కలగలేదు. ఎలా ఏలుతుందో చూద్దామనే ఈ ప్రయాణం. ఆ మండలంలోని ఊళ్ల పేర్లు రాయనని చెల్లెలికి మాటిచ్చాను కాబట్టి ఆ ఒక్కటీ అడక్కండి.

చిలకలూరిపేటలో దూది

చిలకలూరిపేటలో బస్సు మారాలి. హైవే పక్కన లారీలు, వాటి మీద గుట్టలుగా పత్తి, రోడ్డంచున గడ్డికి పట్టుకుని తెల్లగా దూది. మా వైపు కాలవ గట్లకి బురద ఎంత సహజమో ఇక్కడ దూది అంత సహజం. ఎవరూ దాన్ని పట్టించుకోరు. టీ గ్లాసులో పడితే వేలితో తీసి అవతల పారేసి తాగుతున్నారు.

బల్ల మీద నా పక్కన కూర్చున్నామె కనుబొమలకి కూడా దూది ఉంది. జిన్నింగ్ మిల్లులో పనిచేస్తుందట, పేరు రమణమ్మ. ఇరవై రూపాయలకి నాలుగు మిరపకాయ బజ్జీలిచ్చారు. పొట్టలో ఉల్లిపాయ ముక్కలు, పైన నిమ్మరసం. చెరి రెండు తిన్నాం. నాకు కళ్లవెంట నీళ్లొచ్చాయి, ఆమె చిన్నపిల్లకి పెట్టిన ముద్దలా చప్పరించేసింది.

"ఏ ఊరెళ్తన్నావు?" అని అడిగింది.

"మా చెల్లెలి దగ్గరికి. మండల ప్రెసిడెంటు" అన్నాను గొప్పగా.

"అట్టనా! సంతకం ఆమే పెట్టుద్దా, ఆళ్లాయన పెడతాడా?"

"అదేం మాటమ్మా?"

"ఉన్నమాటే. మా ఊరి సర్పంచి ఆడమనిషే. గెలిచినాక ఆమె మొకం నేను చూళ్లా. ఆళ్లాయనే కుర్చీలో కూసుంటాడు, ఆళ్లాయనే కేకలేస్తాడు."

నాకు కోపం వచ్చింది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు వచ్చిన కోపం అది. రమణమ్మ పైకి అడిగింది, నేను లోపల్లోపల అడుగుతున్నాను, అంతే తేడా. మా మరిది దానియేలు మాటకారి. ఆ ఇంట్లో మాట్లాడేది అతనే, నా చెల్లెలు వడ్డిస్తుంది. మండలం కూడా అలాగే నడుస్తోందేమో!

వినుకొండలో మూట

ఆ రాత్రికి వినుకొండలో మా పిన్ని ఇంట్లో ఆగాను. చింతచిగురు పప్పు, సజ్జ రొట్టె పెట్టింది. మా డెల్టాలో అన్నం లేకుండా భోజనం అయిందనిపించుకోదు. ఇక్కడ రొట్టె తిన్నాక నాకు అన్నం గుర్తే రాలేదు. ఈ సంగతి తెనాలిలో ఎవరితోనూ అనకండి.

పొద్దున్నే కొండ చూద్దామని బయల్దేరి కల్లాల దగ్గరే ఆగిపోయాను. ఎకరాలకి ఎకరాలు మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. మధ్యలో కూర్చుని ఆడవాళ్లు ఎర్రకాయ ఒక పక్కకి, తాలుకాయ ఒక పక్కకి ఏరుతున్నారు. తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయ, దానికి ధర రాదు. నేను గట్టు మీద నిలబడి ఏకధాటిగా తుమ్మాను. ఏరేవాళ్లు పని ఆపి లెక్కపెట్టారు. "పదకొండమ్మా! పన్నెండోది తుమ్మి పో, సరి అయిద్ది" అని ఒకామె కేకేసింది. నిజంగానే పన్నెండోది వచ్చింది, కల్లమంతా నవ్వింది.

అంతలో దానియేలు ఫోన్ చేశాడు. "వదినా, బస్టాండు దగ్గర ఇంజిన్ల షాపులో నా పేరున ఒక సామాను ఉంచమన్నాను. కాస్త తెచ్చిపెడతావా? విమలకి చెప్పమాక, పనిలో ఉంటది, చీకాకు." మరిది నోరు తెరిచి అడిగాడు కదా అని వెళ్లాను. షాపతను గోనె ముక్కలో చుట్టి తాడు కట్టిన మూట ఇచ్చాడు. జానెడు సామాను, చెయ్యి లాగేసేంత బరువు.

"ఏంటండీ ఇది, ఇంత బరువు?"

"ఇంజిన్ హ్యాండిలండి. ఈ నెలలో వీటికి గిరాకీ బాగుందండి" అని నవ్వాడు.

ఎందుకు నవ్వాడో అడగాల్సింది. అడగలేదు. మూటని సంచిలో పడేసి బస్సెక్కాను. అదే సంచిలో చెల్లెలి కోసం నా చేత్తో చుట్టిన సున్నుండలున్నాయి. దర్శి దాటేసరికి గతుకులకి ఇనుము ఊగి ఊగి, సున్నుండలు మళ్లీ పిండయ్యాయి.

చెల్లెలి ఊరు

మధ్యాహ్నం దిగాను. చెల్లెలు ఇంట్లో లేదు. "కాలవ మీద ఉంది వదినా" అన్నాడు దానియేలు. నన్ను కూర్చోబెట్టి మజ్జిగిచ్చి, మూట అందుకుని, చెప్పులైనా సరిగా వేసుకోకుండా చేలో పనుందంటూ వెళ్లిపోయాడు. పాపం, ఎండలో ఎంత కష్టపడుతున్నాడో అనుకుంటూ నడుం వాల్చాను. కళ్లు మూతపడుతుంటే దూరంగా ఎక్కడో ఇంజిన్ డబడబమని మోగుతోంది. పల్లెల్లో ఇంజిన్ మోగడం వింతేముంది, నిద్రపోయాను.

సాయంత్రం విమల వచ్చింది. మోకాళ్ల దాకా దుమ్ము, నెత్తిన తువ్వాలు, చేతిలో చీటీల కట్ట. సున్నుండల పిండి చూసి పడిపడి నవ్వి, చెంచా తెచ్చుకుని తింది. తింటూ ఏం చేస్తున్నదో చెప్పింది.

వాళ్ల మండలంలో బావుల నీళ్లు నోట పెట్టుకోలేం. అంతా సాగర్ కాలవ మీదే ఆధారం. వేసవిలో తాగునీటి చెరువులు నింపుకోమని కొద్ది రోజులు కాలవ వదులుతారు. సరిగ్గా అప్పుడే మిరప మూడో కోతకి తడి కావాలి. కాలవ పొడుగునా ఆయిల్ ఇంజిన్లు దించి ఎవరికి వారు తోడుకునేవాళ్లు. చివరి ఊరికి నీళ్లు చేరకముందే కాలవ కట్టేసేవారు. ఆ ఊరి ఆడవాళ్లు వేసవంతా బిందెలు పట్టుకుని ట్యాంకర్ కోసం ఎండలో నిలబడేవాళ్లు.

"ఈ ఏడు వరస తిరగేశామక్కా. చివరి ఊరి చెరువు ముందు నిండాలి. తర్వాత దాని పై ఊరు, ఆ తర్వాత ఇంకా పైది. కింద నుంచి పైకి. మా ఊరి వంతు దాదాపు ఆఖర్న."

"మరి ఇంజిన్లు?"

"కాలవ వదిలిన రోజే ప్రతి రైతూ తన ఇంజిన్ హ్యాండిల్ తెచ్చి మండలాఫీసులో అప్పజెప్పాలి. హ్యాండిల్ లేకపోతే ఇంజిన్ తిరగదుగా. చెరువులన్నీ నిండాక ఎవరిది వాళ్లకిస్తాం. ముందు మా ఇంటిదే తీసుకెళ్లి మేకుకి తగిలించా."

"ఇది చట్టంలో ఉందా?"

"లేదు. తీర్మానంలో ఉంది. అందరూ చేతులెత్తారు."

అప్పటికి నా చెంచా ఆగిపోయింది. ఒంటిమీద తేలు పాకినట్టు కూర్చున్నాను. చేలోంచి వచ్చి భోజనానికి కూర్చున్న దానియేలు అన్నం కలుపుకుంటూ కంచంలోంచి తల ఎత్తలేదు. విమల పెరట్లోకి వెళ్లినప్పుడు పళ్లు కొరుకుతూ అడిగాను, నా చేత మోయిస్తావా ఇది అని. "ఒక్క తడి వదినా. కౌలు చేను. ఒక్క తడి పడితే కాయ నిలబడుద్ది, లేకపోతే అంతా తాలే. తూముల దగ్గరోళ్లు అన్నానికెళ్లినప్పుడు అరపూట తోడాను, అంతే. దానికి చెప్పమాక."

నేను చెప్పలేదు. హాస్టల్లో పిల్ల దువ్వెన దొంగిలిస్తే అసెంబ్లీలో నిలబెట్టిన మనిషిని, ఆ రాత్రి నోరు కుట్టేసుకుని పడుకున్నాను. మీకు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మేకులకి హ్యాండిళ్లు

మర్నాడు మండల పరిషత్ సమావేశం. చూడ్డానికే కదా వచ్చానని విమల తనతో తీసుకెళ్లింది. హాలు గుమ్మం మీద "సభ్యుల భర్తలు, బంధువులు లోపల మాట్లాడరాదు" అని సున్నంతో రాసి ఉంది. భార్యల వెంట వచ్చిన మగవాళ్లు చెప్పించుకోకుండానే బయట బెంచీల మీద సర్దుకున్నారు, దానియేలుతో సహా. నన్ను లోపల గోడ పక్క కుర్చీలో నోరు మూసుకుని కూర్చోమన్నారు. రమణమ్మ అక్కడ ఉంటే ఎంత బాగుండేది!

గోడ నిండా మేకులు, ప్రతి మేకుకీ ఒక హ్యాండిల్, ప్రతిదానికీ పేరు రాసిన అట్టముక్క. నూనె మరకలతో అవి వరసగా వేలాడుతుంటే కూర్చున్నచోటి నుంచే పేర్లు ఒక్కొక్కటే చదువుకున్నాను. ఇంతమంది రైతులు, ఎండుతున్న పంట పెట్టుకుని, పోలీసు రాకుండా, కేసు లేకుండా, తమ చేత్తో తెచ్చి ఇచ్చినవి. మొదటి మేకు మీద "దానియేలు" అని ఉంది.

విమల మెల్లగా, తడబడకుండా మాట్లాడింది. పురుగుమందుల ఖాళీ డబ్బాలు వేయడానికి ప్రతి ఊళ్లో పెట్టిన పీపాలు నిండాయా, చెరువులో స్ప్రేయర్లు కడిగినవాళ్ల చేత జరిమానాగా గట్టు మీది ముళ్లకంప కొట్టించారా, అన్నీ ఊరూరుకీ పేరు పెట్టి అడిగింది. మా తెనాలి కాలవలో మేం గేదెల్నీ, బట్టల్నీ, చివరికి పెళ్లి డేగిశాల్నీ కడుగుతాం, ఒక్కరూ అడగరు. నీళ్లున్నచోట విలువ తెలియదు.

అప్పుడు చివరి ఊరి సభ్యుడు కోటయ్యగారు లేచారు. అరవై దాటిన మనిషి, గొంతు మైకు లేకుండానే బజారు దాకా పోతుంది.

"ప్రెసిడెంటమ్మా! నిన్న మజ్జేనం కాలవలో నీళ్లు జానెడు తగ్గినాయి. ఎందుకు తగ్గినాయో మా కుర్రాళ్లు గట్టెంట నడిచి చూసొచ్చారు. ఇంజిన్ తిరిగింది మీ ఊరి దగ్గర. మీ చేలో!"

హాలు భగ్గుమంది. పై ఊరి సభ్యుడొకాయన కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "అమ్మగారి ఇంట్లో ఇంజిన్ తిరిగితే మా హ్యాండిళ్లు ఈ మేకులకెందుకండీ? ఇచ్చేయండి. మా మిరప మాత్రం ఎండలా?" ఇంకో ముగ్గురు లేచారు. ఒకాయన గోడ దగ్గరికి వెళ్లి తన హ్యాండిల్ మీద చెయ్యి కూడా వేశాడు. ఆ హ్యాండిళ్లు దిగితే చివరి ఊరి చెరువు సంగతి ఇంతే. ఆ ఊరి వంతు ముగియడానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

విమల మొదటి మేకు వైపు చెయ్యి చూపించింది. "మా హ్యాండిల్ అదిగోండి. ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. నా ఇంట్లో అట్లాంటి పని..."

"ఆగవే విమలా" అన్నాను. లేచి నిలబడ్డానని అప్పటికి తెలిసింది. "అంత మాట అనమాక. రెండో హ్యాండిల్ ఉంది. వినుకొండ నుంచి తెచ్చింది నేనే. రూలు తెలియక తెచ్చాను, నిన్న సాయంత్రం తెలిశాక కూడా నోరు మూసుకున్నాను."

నోరు పెద్దదైనందుకు జీవితంలో మొదటిసారి బాధపడ్డాను. నా చెల్లెలు నా వంక ఒక్క చూపు చూసింది. గ్లాసెడు నీళ్లు తాగింది. తర్వాత పక్కనున్న ఎంపీడీవో గారితో అంది: "రాయండి సార్. నిన్న అధ్యక్షురాలి ఇంటి ఇంజిన్ కాలవలో నడిచింది."

"అదంతా మినిట్స్‌లో ఎందుకులేమ్మా" అన్నాడాయన ఇబ్బందిగా.

"పేరుతో సహా రాయండి. రాయకపోతే రేపు ఎవరి పేరూ రాయలేం."

ఆయన రాశాడు. విమల కోటయ్యగారి వైపు తిరిగింది. "పెదనాన్నా, మీ ఊరి దగ్గర కాలవ మట్టం తూము కంటే కిందికుంది, ఇంజిన్ పెట్టి ఎత్తిపోయాలన్నారు. ఏ రైతూ ఇంజిన్ ఇవ్వలేదన్నారు. మాది తీసుకోండి. మీ వంతు ముగిసేదాకా అది మీ చెరువుకే తోడుద్ది. డీజిల్ మాది. తోడేది మా ఆయన. మా చేనికి ఇంక ఒక్క చుక్క లేదు. ఇది చాలదంటే ఎవరి హ్యాండిళ్లు వాళ్లు పట్టుకుపోండి, నేను అడ్డం రాను."

గోడ దగ్గర నిలబడినాయన హ్యాండిల్ మీది చెయ్యి తీసి, పంచెకి నూనె తుడుచుకుని, తన కుర్చీలో కూర్చున్నాడు. "చెయ్యెత్తాలా అమ్మా?" అన్నాడు. అందరూ ఎత్తారు. గోడ పక్కనున్న నేను కూడా ఎత్తాను, లెక్కలోకి రానని తెలిసినా.

బయట బెంచీ మీద దానియేలు అంతా విన్నాడు. చెల్లెలు కేకలేస్తుందేమోనని అడ్డం పడ్డానికి సిద్ధంగా వెళ్లాను. అది వెళ్లి మొగుడి ముందు నిలబడి, "ఏమయ్యా, అన్నం తిన్నావా? తిని ఇంజిన్ ట్రాక్టరెక్కించు" అంది. అంతే. నాతో మాత్రం ఇంటికొచ్చే దారిలో అంది: "నిన్న రాత్రే చెబితే నేనే ముందు లేచి చెప్పేదాన్ని కదక్కా."

చివరి ఊరు

మూడో రోజు, వాళ్ల వంతు ముగిసే రోజున, చివరి ఊరెళ్లాం. చెరువు చుట్టూ ముళ్లకంచె, గట్టు మీద ఒక్క ప్లాస్టిక్ కాగితం లేదు. దానియేలు మూడు రోజులుగా ఇంజిన్ దగ్గరే ఉన్నాడు. గడ్డం మాసింది, కళ్లు గుంటలు పడ్డాయి. దారిలో అతని చేను చూశాను. చెట్ల మీదే కాయ తెల్లబడుతోంది. నాలాంటిదానికి కూడా తెలిసింది, సగం తాలని.

చెరువు మాత్రం అలుగు అంచు దాకా వచ్చేసింది. ఆడవాళ్లు నీళ్లు పట్టుకోవడానికి కాకుండా ఊరికే చూడ్డానికి వచ్చి నిలబడ్డారు. ఒక ముసలామె నా చేతులు పట్టుకుని, "ఈ ఏడు మా కోడలు ట్యాంకరెంట పరిగెత్తక్కర్లేదమ్మా" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా వంశంలో ఎవరూ ఒక ఊరికి నీళ్లిచ్చినవాళ్లు లేరు. గర్వమంటే ఏమిటో నాకు ఆ గట్టు మీద తెలిసింది. దాన్ని దాచుకోను కూడా.

మధ్యాహ్నానికి ఇంజిన్ ఆపారు. కోటయ్యగారు మాకు మామిడికాయ పప్పు, గుడ్డు పులుసు తన ఇంటి వాకిట్లో కూర్చోబెట్టి తినిపించారు. ఇంజిన్ ట్రాక్టరెక్కించాక దానియేలు భుజం మీద చెయ్యేశారు.

"ఏమయ్యా, నీ చేను తోవలోనేగా. ట్రాక్టర్‌లో ఖాళీ ఉంది. నాలుగు డ్రమ్ములు నింపుకుపో, బాగున్న మొక్కలకన్నా తలా చెంబెడు పోసుకో. మా చెరువు, మా ఇష్టం. ఎవుడంటాడో నేను చూస్తా."

చుట్టూ ఉన్నవాళ్లు కూడా తీసుకెళ్లమన్నారు. ఎవరో అప్పుడే రెండు డ్రమ్ములు దొర్లించుకొచ్చారు. దానియేలు డ్రమ్ముల వంక చూశాడు. చెల్లెలి వంక చూశాడు. అది గట్టు మీద కూర్చుని తల వంచుకుని, పాదాలకంటిన బురద గడ్డిపోచలతో తుడుచుకుంటోంది.

"వద్దండి పెద్దాయనా" అన్నాడు దానియేలు. "తాగే నీళ్లు ఇవి."

చెల్లెలు తలెత్తి అతన్ని చూసింది. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో అతను మాట్లాడుతుంటే విన్నాను కానీ, ఆమె అలా చూడడం నేనెప్పుడూ చూడలేదు.